వృద్ధుల సంరక్షకులు, కుటుంబాలు (కృష్ణా డెల్టా)

ఇంట్లోనో ఆశ్రమంలోనో పెద్దవాళ్లను కనిపెట్టుకుని ఉండే ఆయాలు, నర్సులు, అటెండెంట్లకూ ఆ పెద్దవాళ్ల పిల్లలకూ మధ్య ఉండే సంబంధం ఇది. విజయవాడలో, డెల్టా ఊళ్లలో ఈ సంబంధం తరచు ఫోనులోనే నడుస్తుంది.

నేపథ్యం
1855లో విజయవాడ దగ్గర కృష్ణానదిపై ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో మాగాణి పెరిగింది. పంట డబ్బు పిల్లల్ని చదివించింది, ఆ చదువులు హైదరాబాదుకూ అమెరికాకూ పంపాయి. ఉయ్యూరు, గుడివాడ, గన్నవరం చుట్టుపక్కల ఎన్నో మేడల్లో ఇప్పుడు ఇద్దరో ఒక్కరో పెద్దవాళ్లే ఉంటున్నారు. ఒకప్పుడు కూతురో కోడలో చేసిన సేవ జీతానికి వచ్చిన మనిషి చేతికి చేరింది.

పని
మంచం పట్టినవారిని సాధారణంగా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకుంటే ఒరుపుళ్లు పడతాయి. స్నానం, మందులు, షుగరు పరీక్ష, రాత్రి మేలుకోవడం దీనికి అదనం. వేసవిలో న్యూయార్కులో రాత్రి ఎనిమిదైతే ఇక్కడ తెల్లవారుజాము అయిదున్నర. నిద్రలేని ఆయా ఆ వేళకే వీడియో కాల్ ఎత్తుతుంది.

తగవులు, నమ్మకం
బీపీ ఉంది, ఉప్పు తగ్గించమంటాడు కొడుకు. ఆవకాయ లేనిదే ముద్ద దిగదంటారు మామ్మగారు. పెడితే ఆయాది తప్పు, పెట్టకపోతే మామ్మగారు పస్తు. ఇలాంటివి డాక్టరునడిగి, మామ్మగారి మాట కూడా విని, కుటుంబమే తేల్చాలి. నగలు, ఇంటిఖర్చు లెక్క మొదటిరోజే మాట్లాడుకుంటే అనుమానాలకు తావుండదు. తిన్నది, వేసిన మందులు, బీపీ, విరేచనం రాసే నోటు పుస్తకం ఆయాకూ కుటుంబానికీ అండ. అన్నిటికంటే ముఖ్యం, నిజం చెప్పినవారిని తిట్టకపోవడం. బాత్‌రూములో జారిపడ్డారని చెప్పినందుకు ఆయాను కేకలేస్తే, మరోసారి పడ్డ సంగతి దాచేస్తుంది. అప్పుడు నష్టపోయేది పెద్దావిడే.

చట్టం
తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. 60 ఏళ్లు నిండి, తమను తాము పోషించుకోలేనివారు భరణం కోసం ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. చూసుకుంటారన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, మాట తప్పితే రద్దు చేయమని కోరవచ్చు. సాయానికి 14567 హెల్ప్‌లైన్ ఉంది. ఈ చట్టం పిల్లల బాధ్యతను చెబుతుంది, ఆయా జీతం గురించీ సెలవు గురించీ చెప్పదు. వారానికో సెలవు, వేళకు భోజనం, ఆమె లేని రోజు బదులు మనిషి, ఇవన్నీ కుటుంబమే ముందుగా కాగితం మీద పెట్టాలి. రాత్రంతా మేలుకున్న మనిషికి పగలు కాస్త కునుకు దొరికితేనే మర్నాడు మామ్మగారిని పక్కకు తిప్పే చేతుల్లో ఓపిక ఉంటుంది.