నీలి గుఱ్ఱము, కూలి డబ్బు

ఇటలీ దేశపు ఈశాన్యమున ట్రియెస్టె అను రేవు పట్టణమున్నది. అచటి మానసిక వైద్యశాలకు 1971లో ఫ్రాంకో బసాలియా అధికారిగా వచ్చునాటికి ప్రాకారము లోపల సుమారు 1200 మంది రోగులుండిరి. ఆయన కట్లు విప్పించెను, తలుపులు తీయించెను.

1973లో రోగులును కళాకారులును కలసి కొయ్యతోను కాగితపు గుజ్జుతోను పెద్ద నీలి గుఱ్ఱమును చేసిరి. లోగడ ఆసుపత్రి మైలబట్టల బండి లాగిన మార్కో కవాల్లో అను గుఱ్ఱము పేరే దానికి పెట్టిరి. ఊరేగింపునకు బయలుదేరగా ద్వారము చాలలేదు. దానిని పగులగొట్టిన పిదపగాని గుఱ్ఱము వీధి చూడలేదు.

ఈ కథ శ్రోతలలో కొందఱైన వినియుందురు. నాకు మాత్రము ఇంతకన్న ఘనముగా తోచునది వేరొకటి. అంతవరకు గదులూడ్చుట వంటి పనులు రోగులచే చికిత్స పేరిట చేయించుచు, సిగరెట్లో చిల్లరయో చేతిలో పెట్టెడివారు. ఇప్పుడా రోగులే సహకార సంఘముగా నేర్పడి, అదే పనికి ఒడంబడిక వ్రాసికొని కూలి పుచ్చుకొనిరి. కూలి చేతబడినవాడు అద్దె యిల్లు అడుగగలడు, అంగడిలో బేరమాడగలడు.

1978 మే నెలలో వచ్చిన 180వ చట్టము క్రొత్త మానసిక వైద్యశాలల నిర్మాణమును నిషేధించి, చికిత్సను ఊరి నడుమకు మరల్చెను. పలు ప్రాంతములు ఇందుకు సిద్ధపడలేదు. అచట బరువంతయు తల్లులపైనను తోబుట్టువులపైనను బడినది. ట్రియెస్టెలో మాత్రము రేయింబవళ్లు తెఱచియుండు కేంద్రములు పేటలలో వెలసెను. ఒక్కొక్కదాన పడకలు కొన్నియే.