గేమ్ బాయ్ తుప్పు తొలగింపు

గేమ్ బాయ్ అనేది జపానుకు చెందిన నింటెండో సంస్థ 1989లో విడుదల చేసిన చేతి వీడియో గేమ్ పరికరం. ఇది నాలుగు పెన్సిల్ సెల్స్‌తో పనిచేస్తుంది. ఏళ్ళ తరబడి లోపలే ఉండిపోయిన సెల్స్ కారుట వలన వాటిని తాకే లోహపు రేకులు, స్ప్రింగులు తుప్పు పడతాయి.

శుద్ధికి ముందు సెల్ రకాన్ని గుర్తించాలి. ఆల్కలైన్ సెల్ నుండి కారేది పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం. దీనిని వెనిగర్ లేదా నిమ్మరసంతో తటస్థీకరిస్తారు. జింక్-కార్బన్ సెల్ నుండి కారేది ఆమ్ల స్వభావం గల ద్రావణం. దీనికి వంటసోడా నీరు వాడాలి. తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి ఆరనివ్వాలి. ఉప్పుకాగితంతో గట్టిగా రుద్దితే నికెల్ పూత పోయి, లోపలి ఉక్కు మరల తుప్పు పడుతుంది. కారిన క్షారం కళ్ళకు, చర్మానికి హానికరం కనుక చేతి తొడుగులు, కళ్ళద్దాలు ధరించాలి.