పాతబస్తీ మ్రోతల పుట్టుపూర్వోత్తరములు

చార్మినారు 1591లో వెలసినది. దాని కుత్తరమున ఒక చౌకును చుట్టి నిలిచిన నాలుగు కమానులు ఆ మరుసటి సంవత్సరమున లేచినవి. ఆ నాలుగింటిలో తూర్పుదిక్కునగల కాలీకమాను ఆనాడు రాచనగారాలకు నెలవు. అనగా పాతబస్తీ పుట్టిననాడే దానితోపాటు మ్రోతకును ఒక కట్టడము ఏర్పడినదన్నమాట. ఈ సంగతిని ప్రత్యేకించి చెప్పుటకు కారణము కలదు. నేడు పెండ్లి బరాతులందును ఊరేగింపులందును డీజే పెట్టెలు చెవులు చిల్లులుపడునట్లు మ్రోగుచుండగా, ఈ ఊరికి గోల క్రొత్త కాదుకదా యని తేలికగా త్రోసిపుచ్చువారు పెక్కురు కలరు. గోల పాతదే, కాని నగారా మ్రోతకును నేటి పెట్టె మ్రోతకును నడుమ జాతిభేదమున్నది. ఆ భేదమెట్లు పుట్టినదో తెలిసికొనినగాని మన చెవులను మనము కాపాడుకొనజాలము.

నిజాముల కాలమున సముద్రము దాటి వచ్చిన వాద్యమొకటి ఈ వీథులను వశపరచుకొన్నది. అది మర్ఫా. ఎమెన్ దేశమందలి హద్రమౌత్ ప్రాంతమునుండి వచ్చి ఆసఫ్‌జాహీల సైన్యమున కొలువు చేసిన అరబ్బులు చాంద్రాయణగుట్ట చేరువనున్న బార్కస్‌లో స్థిరపడిరి. వారి సంతతివారిని నేటికిని చావుషులని పిలుతురు. ఆఫ్రికా మూలములుగల సిద్దీలు నిజాము అశ్వదళమున చేరిరి. ఈ ఉభయుల చేతులలో పెరిగిన మర్ఫా మేళమున నగారావంటి వాద్యము, డోలు, కర్రలతో వాయించు లోహపు బిందె కలిసి మ్రోగును. ఆ దరువు విన్న హైదరాబాదీయుని కాలు నిలువదు. మతభేదము లేక ఎల్లవారి పెండ్లిండ్లకును ఈ మేళమును పిలుచుకొనిరి; తీన్మారు దరువు ఈ నగరమునకు ముద్రయైనది. మరియొక వంక ఆషాఢమాసమున లాల్‌దర్వాజా సింహవాహినీ మహాంకాళి గుడి యెదుటను, హరిబౌలి అక్కన్న మాదన్న గుడి యెదుటను డప్పులు మ్రోగ పోతరాజులు చిందులు త్రొక్కుచునే యుండిరి.

ఈ వాద్యములు మెత్తనివని నేననను. డప్పును చెవిప్రక్కనే మ్రోగించినచో అదియు హాని చేయగలదు. జీవితాంతము దానిని వాయించువాని వినికిడి తగ్గుట కవకాశమున్నది. కాని చర్మవాద్యమున కొక సహజమైన హద్దు కలదు: కొట్టువాని భుజబలము. చేయి అలసిన దరువు దిగును, మేళము విరామము పుచ్చుకొనును, డప్పు కాగుటకై మంట చెంత కొంతసేపు మౌనముగా నుండును. ఆ విరామమే చెవికిని విశ్రాంతి. ఇరువదవ శతాబ్దమున తెగిపోయిన దీ హద్దే.

1915 డిసెంబరు 24వ తేదీన, అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగర సభామందిరము చెంత, జెన్సెన్, ప్రిధమ్ అను నిరువురు ఇంజనీర్లు తాము కల్పించిన మాగ్నవాక్స్ యంత్రముతో గొప్ప జనసమూహమునకు ఒక్కమారుగా సంగీతమును, ప్రసంగమును వినిపించిరి. పది సంవత్సరములకు, 1925లో, రైస్, కెలాగ్ అను ఇంజనీర్లు కాగితపు శంకువును తీగచుట్టతో కదలించు లౌడుస్పీకరును రూపొందించిరి. నేడు బరాతుబండిపై నెక్కు పెట్టెలోని స్పీకరు దాని వంశమునకే చెందినది. ఈ యంత్రముతో మానవకంఠము లక్షమందికి చేరుట మహోపకారమే. కాని అదివరకు వినోదమున కొలువై యుండిన అలసట యను న్యాయాధిపతి నాటితో పదవీచ్యుతుడైనాడు. విద్యుత్తు అలసిపోదు.

ఈ శక్తిని సంగీతమున పరాకాష్ఠకు కొనిపోయినవారు రాక్ గాయకులు. 1976లో లండనులోని చార్ల్‌టన్ మైదానమున 'ది హూ' బృందము కచేరి చేసినపుడు స్పీకర్లకు 50 మీటర్ల దూరమున 120 డెసిబెల్‌ల మ్రోత కొలువబడి, అత్యున్నత ధ్వనిగల కచేరిగా గిన్నిస్ గ్రంథమున కెక్కినది. ఆ బృందమందలి గిటారు విద్వాంసుడు పీట్ టౌన్షెండ్ తన వినికిడి దెబ్బతినినదనియు, చెవిలో హోరు విడువదనియు బహిరంగముగా చెప్పుకొన్నాడు. 1988లో రాక్ కళాకారుల చెవులను రక్షించుటకై శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక సంస్థ వెలసినపుడు దానికి ధనసహాయము చేసెను. గిన్నిస్‌వారు తరువాత ఆ రికార్డునే మానివేసిరి. చెవులకు చేటు చేయు పోటీని ప్రోత్సహింపరాదని వారి తలంపు. కీర్తి నిచ్చినవారే దానిని వెనుకకు తీసికొనుట గమనింపదగినది.

మన పాతబస్తీకి రాక్ కచేరి రాలేదు గాని, దాని పెట్టెలు వచ్చినవి. మొదట మైకుసెట్టు, హారన్లు. పిదప మర్ఫా మేళమునకును డప్పునకును బదులు, లారీపై గోడవలె పేర్చిన బేస్ పెట్టెలు. మైదానమున ధ్వని నలుదిక్కులకును చెదరి, దూరము రెట్టింపైన కొలది ఆరు డెసిబెల్‌ల చొప్పున తగ్గును. శాలిబండవైపు సందులలో అట్లుగాదు. ఇరుప్రక్కల గోడలు దానిని వెనుకకు కొట్టి, నడుమ నడచువారిపైననే క్రుమ్మరించును. కచేరికి పోవువాడు టిక్కెట్టు కొని ఇష్టముతో పోవును. బరాతు మన కిటికీ క్రిందికే వచ్చును. అందుచేత పాతబస్తీ శ్రోత పరిస్థితి రాక్ శ్రోత పరిస్థితికంటె విషమమని నా నిశ్చితాభిప్రాయము.

మ్రోత చెవిని చెరచునను జ్ఞానము లౌడుస్పీకరుకంటె చాల పాతది. సుశ్రుతుడు కర్ణరోగములను పరిగణించుచు కర్ణనాదమును, బాధిర్యమును వేరువేరుగా పేర్కొన్నాడు. ఇటలీ వైద్యుడు రమజీని 1700లో వెలువరించి 1713లో పెంచి ముద్రించిన గ్రంథమున, వెనీసు నగరమందలి కంచరులు ఎడతెగని సుత్తిమోతచే చెవిటివారగుచున్నారని వ్రాసెను. చార్మినారు చుట్టుపట్ల సందులలో వెండిని తోలుపొరల నడుమనుంచి వరఖుగా సాగగొట్టు పనివారి సుత్తులు విన్నప్పుడెల్ల నాకా కంచరులు జ్ఞప్తికి వత్తురు. 1886లో గ్లాస్గో వైద్యుడు థామస్ బార్ ఆవిరి బాయిలర్లు చేయు నూర్గురు కార్మికులను పరీక్షించి, వారిలో ఒక్కనికిని సరియైన వినికిడి లేదని చూపెను. చెవిలోపల ఏమి జరుగుచున్నదో విశదపరచినవాడు హంగరీ దేశమున టెలిఫోను పరిశోధకుడుగా పనిచేసిన బెకెషీ. అంతఃకర్ణమున ధ్వని ఒక అలవలె పయనించుననియు, ఒక్కొక్క స్థాయి స్వరము ఒక్కొక్క తావున శిఖరమందుననియు నిరూపించినందులకు ఆయనకు 1961లో నోబెల్ బహుమతి లభించినది.

ఆ అల సోకునది సుమారు పదునైదువేల సూక్ష్మరోమకణములను. మనకు పుట్టుకతో వచ్చినవే అవి. చచ్చినవి మరల మొలవవు. పక్షులలో తిరిగి పుట్టును గాని మనుష్యులలో పుట్టవు. బరాతునుండి ఇంటికి వచ్చి పరుండినపుడు చెవిలో గుయ్యిమనుటయు, ఎదుటివారి మాట దూదిలోనుండి వచ్చినట్లుండుటయు ఆ కణములు దెబ్బ తిన్నవనుటకు గుర్తు. తెల్లవారునప్పటికి అది సర్దుకొనుటచే ఏమియు కాలేదని భ్రమింతుము. 2009లో కుజావా, లీబర్మన్ అను శాస్త్రజ్ఞులు ఎలుకలపై చేసిన పరిశోధనలో, వినికిడి పూర్తిగా తిరిగివచ్చిన పిమ్మటకూడ కణములకును నాడులకును నడుమగల సంధులు శాశ్వతముగా తెగిపోయి యుండుట కనుగొనిరి. ఈ వార్త నన్ను మిక్కిలి కలతపెట్టినది; ఏలనన మన ఊరి బాలురు తండ్రుల భుజములపై నెక్కి పెట్టెల యెదుటనే నిలుచుచున్నారు.

డెసిబెల్ లెక్క మన రూపాయల లెక్కవంటిది కాదు. మూడు డెసిబెల్‌లు పెరిగినచో ధ్వనిశక్తి రెట్టింపగును. భరింపదగిన కాలము సగమగును. 85 డెసిబెల్‌లలో ఎనిమిది గంటలు పనిచేయవచ్చునని వృత్తి ఆరోగ్య నిపుణులందురు. అనగా 88లో నాలుగు గంటలు, 94లో ఒక గంట, 100లో పావుగంట మాత్రమే. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో వినోదస్థలములకు నియమములు ప్రకటించుచు, పావుగంట సగటు ధ్వని 100 డెసిబెల్‌లు మించరాదనియు, శ్రోతలకు చెవిబిరడాలును, మ్రోత లేని విశ్రాంతిస్థలమును ఏర్పరుపవలెననియు నిర్దేశించినది.

చెవిబిరడాల కథయు వినదగినది. మైనముతో చెవులు మూయించిన గ్రీకు వీరుని పురాణగాథ స్ఫూర్తిగా, 1907లో బెర్లినులో మాక్స్ నెగ్వర్ అను ఔషధవ్యాపారి మైనము, దూది కలిపిన ఉండలను తయారుచేసెను. నలిపి పెట్టినచో మెల్లగా ఉబ్బి చెవిరంధ్రమును నింపు నురుగు బిరడాను 1967లో రాస్ గార్డనర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. అది సరిగా పెట్టుకొనుట యెట్లనిన, వ్రేళ్లతో సన్నగా చుట్టి, రెండవ చేతితో చెవిని పైకి లాగి, లోనికి నెట్టి, ఉబ్బువరకు అదిమి పట్టవలెను. ఉట్టి దూది పెట్టుకొని రక్షణ కలిగినదనుకొనుట పొరపాటు. స్వరములను చెరుపక, మ్రోతను మాత్రము సమముగా తగ్గించు సంగీతకారుల బిరడాలుకూడ కలవు. మర్ఫా వాయించువారికిని, డప్పు కళాకారులకును, పెట్టెల ప్రక్కనే రాత్రులు గడపు డీజే పనివారికిని అవి ముందుగా అందవలెను.

చట్టము లేకపోలేదు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు నివాసస్థలములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లుగా హద్దులు విధించినవి. ఆసుపత్రుల చుట్టు నూరు మీటర్ల మేర నిశ్శబ్దమండలముగా ప్రకటింప వీలు కల్పించినవి. చార్మినారు ప్రక్కనే నిజామియా యునానీ వైద్యశాల కలదని ఊరేగింపువారు ఒక్కమారు తలయెత్తి చూచిన చాలును. 2005లో సుప్రీంకోర్టు రాత్రి పదింటి పిమ్మట లౌడుస్పీకర్లు కూడదను నియమమును గట్టిగా నిలిపినది. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతసంబంధమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించిరి. ఈ నిషేధము న్యాయమైనదే. అయితే దీని పేరిట మర్ఫా, డప్పు మేళములకు చేటు కలుగరాదు. అలసిపోగల చేతులకు పని దొరకుటయే దీనివలన కలుగవలసిన మేలు.

పెండ్లిపెద్దలారా, మేళమును మాటాడునపుడు మర్ఫానో డప్పునో పిలువుడు. పెట్టెలే తప్పనిచో పిల్లలను, గర్భిణులను వానికి దూరముగా నిలుపుడు. నడుమ నడుమ ప్రక్కసందులోనికి పోయి చెవికి విరామమిండు. మ్రోత ఆగిన మరునాటికిని హోరు వదలనిచో ఉపేక్ష చేయక, కోఠీలోని ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రికి పోయి వినికిడి పరీక్ష చేయించుకొనుడు.