పొట్టలో పొంచి ఉండే ఉబ్బు

పొట్టలోని బృహద్ధమని ఉబ్బిపోయే జబ్బును, అంటే ఎన్యూరిజంను, బతికున్న రోగిలో గుర్తించిన ఘనతను 1555లో వెసాలియస్‌కు ఇస్తారు. ఆ తరువాత మూడు వందల ఏళ్లకు పైగా వైద్యుడికున్న సాధనం తన చెయ్యే. బొడ్డుకు కాస్త పైన నొక్కితే నాడితో పాటు కొట్టుకునే గడ్డ తగలాలి; లావుపాటి మనిషైతే అదీ తగలదు. 1895లో ఎక్స్‌రే వచ్చినా, ధమని గోడకు సున్నం పట్టినవారిలోనే ఆ ఉబ్బు అంచు కనబడేది. 1948లో ఐన్‌స్టీన్ పొట్టనొప్పికి కారణం తేల్చడానికి న్యూయార్క్‌లో శస్త్రవైద్యుడు రుడాల్ఫ్ నిస్సెన్ పొట్ట కోసి చూడవలసి వచ్చింది. ఉబ్బిన ధమనికి సెలోఫేన్ చుట్టి కుట్టేశారు. 1955లో అదే పగిలి ఆయన పోయారు.

బొమ్మ పదునెక్కుతున్న కొద్దీ ఈ జబ్బు లొంగుతూ వచ్చిందని చెప్పడం మామూలు. నాకు ఆ కథ సగమే నిజమనిపిస్తుంది. 1929లో లిస్బన్‌లో వైద్యుడు రెనాల్డో దోస్ శాంతోస్ నడుము వెనకనుంచి సూది గుచ్చి, బృహద్ధమనిలోకి ఎక్స్‌రేలో కనబడే మందు ఎక్కించి బొమ్మ తీశాడు. సాహసమే. కానీ మందు రక్తం పారే దారినే చూపుతుంది. ఉబ్బులో గోడ పొడవునా రక్తం గడ్డకట్టి పేరుకుంటే మధ్యలో సన్నటి దారే మిగులుతుంది. బొమ్మలో ధమని మామూలుగానే కనిపించవచ్చు. స్పష్టంగా ఉన్న బొమ్మే వైద్యుణ్ణి తప్పుదారి పట్టించేది.

మలుపు తిప్పింది గ్లాస్గోలో ప్రసూతి వైద్యుడు ఇయాన్ డొనాల్డ్ చేపట్టిన అల్ట్రాసౌండ్. ఇనుములో పగుళ్లు వెతికే యంత్రంతో మొదలుపెట్టి, 1958లో ఆయన బృందం పొట్టలోని గడ్డల బొమ్మలను ప్రచురించింది. అవి మసక బొమ్మలే. అయినా ధమని గోడనూ, లోపలి గడ్డనూ రెంటినీ చూపగలిగే పద్ధతి అది. సూది లేదు, రేడియేషన్ లేదు. ఏ బాధా లేని మనిషిని కూడా పడుకోబెట్టి చూడవచ్చు, మళ్లీ మళ్లీ చూడవచ్చు. అందుకే ధమని వెడల్పు 3 సెంటీమీటర్లు దాటితే జబ్బు అనే కొలత ఆచరణలో పనికొచ్చింది. 5.5 సెంటీమీటర్ల లోపు ఉబ్బును వెంటనే కోయడం వల్ల, కనిపెట్టి ఉండడం కంటే అదనంగా ప్రాణాలు నిలవవని 1998లో బ్రిటన్ పరిశోధన తేల్చింది. ఏళ్ల తరబడి కొలిచే వీలు లేకపోతే ఆ ప్రశ్న వేయడమే కష్టం.

మరి సీటీ స్కాన్ మాటేమిటి? ఆపరేషన్‌కు అది కావలసిందే. 1990లో బ్యూనస్ ఐరిస్‌లో హువాన్ పరోడీ మొదలుపెట్టినట్టు, గజ్జలోని ధమని గుండా ఉబ్బు లోపల గొట్టం అమర్చాలంటే కచ్చితమైన కొలతలు ఉండాలి. అయితే సీటీ దాకా వచ్చేది చాలావరకు అనుమానం కలిగిన మనిషే. అనుమానమే లేని మనిషిని వెతికి పట్టింది అల్ట్రాసౌండ్. 65–74 ఏళ్ల మగవారు సుమారు 67,800 మందితో బ్రిటన్‌లో జరిగిన పరిశోధన 2002లో వెలువడింది. స్కానింగ్‌కు పిలిచిన సగం మందిలో ఈ జబ్బు మరణాలు నాలుగేళ్లలో 42 శాతం తక్కువ. దీనికి గట్టి అభ్యంతరం స్వీడన్ నుంచి 2018లో వచ్చింది: పొగతాగడం తగ్గడంతో జబ్బే తగ్గింది, స్కానింగ్ చేసిన మేలు స్వల్పం, ఎప్పటికీ పగలని ఉబ్బుల మీద భయమూ కోతా మిగిలాయని. కాదనలేను. కానీ ఆ వాదన తప్పుపట్టేది ఎవరిని పిలవాలన్న నిర్ణయాన్ని, సాధనాన్ని కాదు. ఇంగ్లండ్ ఇప్పటికీ 65వ ఏట మగవారినే పిలుస్తుంది. ఆడవారిలో ఈ జబ్బు అరుదు నిజమే, కానీ వచ్చినవారిలో ఇంకా చిన్న కొలతకే పగులుతుంది.