తగలకుండానే కదిలే ముల్లు

పాత డీజిల్ ట్రాక్టర్ మీది ఆర్‌పీఎం మీటరు విప్పి చూస్తే ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది. ఇంజిన్ దగ్గర బయల్దేరిన కేబుల్ మీటరు వెనక ఒక చిన్న అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని పని అంతటితో సరి. ఆ అయస్కాంతానికీ ముల్లుకీ మధ్య పళ్లచక్రం లేదు, తీగ లేదు, ఏ లంకే లేదు. అయస్కాంతాన్ని తాకకుండా దాని చుట్టూ పలుచని అల్యూమినియం గిన్నె ఉంటుంది, ముల్లు ఆ గిన్నెకే బిగించి ఉంటుంది. అయస్కాంతానికి అల్యూమినియం అంటుకోదని బడిపిల్లలకూ తెలుసు. అయినా ఇంజిన్ జోరందుకునే కొద్దీ గిన్నె అయస్కాంతం వెంట పడుతుంది. సన్నని చుట్టల స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. రెండు లాగుళ్లూ సమానమైన చోట ముల్లు నిలుస్తుంది.

యంత్రం ఎంత వేగంగా తిరుగుతోందో తెలుసుకోవాలన్న తపన ట్రాక్టరు కంటే ఎంతో పాతది. కాగితం యంత్రాలు తయారుచేసిన ఇంగ్లండు ఇంజనీరు బ్రయాన్ డాంకిన్ ఇలాంటి పరికరానికే 1810లో బంగారు పతకం అందుకున్నాడు. పాదరసం పోసిన గిన్నె తిరిగితే, మజ్జిగ చిలికేటప్పుడు పడినట్టే, నడుమ గుంట పడుతుంది. ఆ గుంట లోతే ఆయనకు వేగం లెక్క. 1817లో జర్మనీలో ఉల్‌హోర్న్, తిరిగే బరువులు బయటికి విసురుకునే గుణాన్ని వాడుకున్నాడు. రెండూ తెలివైనవే. కానీ నా మనసు దోచుకున్నది ఏడేళ్ల తర్వాత మొదలైన కథ.

1824లో పారిస్‌లో ఖగోళ శాస్త్రజ్ఞుడు ఫ్రాన్స్వా అరాగో ఒక రాగి పళ్లేన్ని తిప్పి, దాని పైన దిక్సూచి ముల్లును వేలాడదీశాడు. రాగికీ అయస్కాంతానికీ పొత్తు లేదు. అయినా ముల్లు పళ్లెం వెంట తిరగసాగింది. యూరప్ పండితులు తలలు పట్టుకున్నారు. మరుసటి ఏడే లండన్‌లో ఇద్దరు స్నేహితులు ఆ ప్రయోగాన్ని తలకిందులు చేశారు. అయస్కాంతాన్ని తిప్పారు, రాగి దాని వెంట వచ్చింది. అదే పళ్లేనికి గాట్లు పెడితే లాగుడు తగ్గిపోయింది. ఆ ఇద్దరిలో ఒకడు జాన్ హెర్షెల్, రెండోవాడు కంప్యూటర్లకు ఆద్యుడని మనం చెప్పుకునే చార్లెస్ బాబేజ్. వాళ్ల బల్ల మీదిదీ మన ట్రాక్టరు మీటరులోనిదీ ఒకే అమరిక! ఎందుకిలా జరుగుతోందో మాత్రం వాళ్లకు అంతుపట్టలేదు. కదిలే అయస్కాంతం లోహంలో విద్యుత్తు పుట్టిస్తుందని, ఆ విద్యుత్తే లాగుతోందని 1831లో ఫారడే తేల్చాడు.

ఆ తర్వాత ఏడు దశాబ్దాలకు, 1902లో, స్ట్రాస్‌బర్గ్‌కు చెందిన ఓటో షుల్జ్ ఈ సూత్రంతో స్పీడోమీటరుకు పేటెంటు పొందాడు. కారు నుంచి ట్రాక్టరుకు రావడానికి మరో అవసరం తోడైంది. 1918లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ తన 8-16 ట్రాక్టరుకు పీటీఓ, అంటే వెనక పనిముట్లను తిప్పే షాఫ్టు, బిగించి అమ్మింది. వెనక తగిలించే పనిముట్లన్నిటికీ ఒకే వేగం ఉండాలన్న ఆలోచనతో ఆ షాఫ్టుకు నిమిషానికి 540 చుట్లు అన్న అంకె స్థిరపడింది. ఇక డ్రైవరు చెవిని నమ్ముకుంటే చాలదు. 1950లో ఫోర్డ్ 8ఎన్‌కు వచ్చిన ప్రూఫ్‌మీటరులో ఇంజిన్ వేగం, పీటీఓ వేగం, నడిచిన గంటలు ఒకే బిళ్ల మీద కనిపించేవి.

ఆ గంటల లెక్క నాకు ఎంతో ఇష్టం. కేబుల్ మీటరు గడియారాన్ని చూడదు, ఇంజిన్ చుట్లను లెక్కపెడుతుంది. నిర్ణీత వేగంలో నడిస్తేనే దాని గంట మన గంటతో కలుస్తుంది. స్లోలో నిలబెట్టిన బండికి తక్కువ గంటలు పడతాయి. ఇంజిన్ అరుగుదలకు ఇంతకంటే న్యాయమైన లెక్క లేదు. గడియారం గంటలు చూపే మీటర్లు వచ్చాక దాన్ని పోగొట్టుకున్నాం.

ముల్లు కదలకపోతే చాలామంది మీటరునే పారేస్తారు. చచ్చేది చాలాసార్లు అది కాదు, కేబుల్. దమ్ములో తిరిగే బండికి బురదా నీళ్లూ గొట్టంలోకి దిగుతాయి. వంపు బిగుతుగా ఉంటే లోపలి తీగ నలుచదరపు కొస దగ్గర తెగుతుంది. మీటరు వెనక నట్టు విప్పి, ఇంజిన్ స్లోలో పెట్టి చూడండి. తీగ తిరుగుతుంటే తప్పు మీటరుది, లేకుంటే కేబుల్‌ది లేదా ఇంజిన్ దగ్గరి డ్రైవుది. ఇంజిన్ ఆపి, మీటరు వెనక నట్టు మళ్లీ బిగించి, ఇంజిన్ దగ్గరి కొస విప్పి తీగను వేళ్లతో గిర్రున తిప్పండి. ఒక పక్కకు తిప్పితే ముల్లు సున్నా దగ్గరి అడ్డుకు ఒత్తుకుంటుంది, రెండో పక్కకు తిప్పితే ఉలిక్కిపడి లేస్తుంది. లేచిందంటే మీటరు బతికే ఉన్నట్టు. ముల్లు ఊగిసలాడుతుంటే తీగ ఎండిపోయిందని అర్థం. గ్రీజు పలుచగా రాయండి. ఎక్కువైతే పైకి పాకి గిన్నెను పట్టేస్తుంది.

కొన్ని పాత మోడళ్లలో కేబుల్ డైనమో వెనక నుంచి వస్తుంది. డైనమో తీసి ఆల్టర్నేటరు పెట్టినప్పుడే అక్కడ మీటరు మూగబోతుంది. పెట్రోలు బండిలోలా ప్లగ్గుల కరెంటు నుంచి వేగం తెలుసుకుందామంటే డీజిల్‌కు ఆ ప్లగ్గులే లేవు. ఆల్టర్నేటరుకు డబ్ల్యూ అనే టెర్మినల్ ఉంటే, అక్కడి నుంచి నడిచే ఎలక్ట్రిక్ మీటరు కొనుక్కోవాలి.

రోటావేటరు తగిలించే ముందు ఈ మీటరు బాగుచేయించుకోండి. 540 గుర్తు దాటించి తిప్పితే దెబ్బతినేది షాఫ్టులూ గేర్లూ. వాటి ఖర్చు ముందు కేబుల్ ఖర్చు ఏపాటి?