చర్మంలో దాక్కున్న విషాన్ని ఎక్స్-రే ఎలా పట్టుకుంటుంది?

ఎక్స్-రే అనగానే మనకి విరిగిన ఎముకే గుర్తొస్తుంది కదా. అదే ఎక్స్-రేతో కోత లేకుండా, సూది లేకుండా చర్మంలో ఏ లోహం పేరుకుందో కూడా చెప్పొచ్చు. ఈ కథ 1913లో మాంచెస్టర్‌లో మొదలవుతుంది.

రూథర్‌ఫర్డ్ ల్యాబ్‌లో హెన్రీ మోస్లీ అని ఒక పాతికేళ్ల కుర్రాడు. ఒక్కో లోహాన్ని ఎలక్ట్రాన్లతో కొట్టి, అందులోంచి వచ్చే ఎక్స్-రేలని ఫోటో ప్లేటు మీద పట్టాడు. కాల్షియం నుంచి ఇత్తడి దాకా చేశాడు. ఒక్కోదానికి దాని సొంత గీతలు, మెట్లు కట్టినట్టు వరసగా వచ్చాయి. ఇత్తడికైతే రాగి గీతలు, జింక్ గీతలు రెండూ కనిపించాయి. అంటే ఏది దేంట్లో కలిసినా దొరికిపోతుందన్నమాట!

అప్పటిదాకా మూలకాల పట్టికని బరువు ప్రకారం సర్దేవాళ్లు. అలా చూస్తే నికెల్ తర్వాతే కోబాల్ట్ రావాలి, కానీ గుణాలు చూస్తే ముందుండాలి. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, తప్పు కాలమ్ మీద సార్ట్ చేశారు. అసలు కీ పరమాణు సంఖ్య అని మోస్లీ గీతలు చూపించాయి. రెండేళ్లకి, 1915 ఆగస్టు 10న, గల్లిపోలీ యుద్ధంలో చనిపోయాడు. 27 ఏళ్లు. నాకంటే చిన్నవాడు. స్క్రిప్ట్ రాస్తూ అక్కడ కాసేపు ఆగిపోయాను.

ఇప్పుడు బెంగాల్‌కి వద్దాం. చెరువు నీళ్లతో రోగాలొస్తున్నాయని అక్కడ ఊరూరా బోర్లు వేశారు. ఆ భూగర్భ జలంలో ఆర్సెనిక్ ఉందని ఎవరూ అనుకోలేదు. 1983లో కలకత్తాలో కె.సి. సాహా అనే చర్మవైద్యుడు ఒంటిమీద మచ్చలు, అరచేతుల్లో గట్టి కాయలతో వచ్చిన పల్లెటూరివాళ్లని చూసి, కారణం ఆ నీళ్లేనని గుర్తుపట్టాడు.

చిక్కేంటంటే, ఆర్సెనిక్ రక్తంలోంచి గంటల్లోనే పోతుంది, మూత్రంలో కొన్ని రోజులే కనిపిస్తుంది. చర్మంలోని కెరటిన్‌కి మాత్రం అతుక్కుని ఉండిపోతుంది. మరి చర్మం ముక్క కోయించుకోమంటే ఊరంతా క్యూలో నిలబడతారా?

ఇక్కడే మోస్లీ గీతలు పనికొస్తాయి. పైనుంచి ఎక్స్-రే తగిలితే ఆర్సెనిక్ అణువు 10.54 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర తిరిగి వెలుగుతుంది. ఆ వెలుగు ఒంట్లో కొన్ని మిల్లీమీటర్లకే నీరసపడుతుంది. అందుకే లోపలి అవయవాలు కుదరవు, చర్మం సరిగ్గా కుదురుతుంది. 2007లో కెనడా పరిశోధకులు చర్మంలాంటి నమూనాల్లో ఆర్సెనిక్ కలిపి, మోసుకెళ్లగలిగే చిన్న ఎక్స్-రే ట్యూబుతో దాన్ని కొలిచి చూపించారు.

ఇందులో ఒక తమాషా ఉంది. సీసం గీత ఒకటి 10.55 దగ్గర పడుతుంది, దాదాపు అదే చోటు! అందుకే 12.6 దగ్గర సీసానికున్న ఇంకో గీత కూడా ఉందో లేదో చూడాలి. ఇంకా కష్టమైనది వేరే ఉంది. నమూనాలో ఆర్సెనిక్ అంతటా సమానంగా ఉంటుంది, మనిషి చర్మంలో పొరపొరకీ తేడా. పైపొరలో ఉన్న కొంచెం, లోపలున్న ఎక్కువ, రెండూ మెషిన్‌కి ఒకేలా కనిపించొచ్చు.