రెండు అర్జీలు ఒకే కాగితం మీద వద్దు

ఒమన్‌లో మేముండే మబేలాకు దగ్గర్లోనే అల్ ఖూద్. సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయం ఉన్నది అక్కడే. 1970లో ఖాబూస్ గద్దెనెక్కేనాటికి ఒమన్ మొత్తానికి ఉన్న ఆధునిక బడులు మూడు. 1986లో ఈ విశ్వవిద్యాలయం మొదలైంది. పదహారేళ్లలో అక్షరాభ్యాసం నుంచి వైద్య కళాశాల దాకా వచ్చేశారన్నమాట. ఆ తొందరలో పరిశోధన వెనకబడింది. దేశానికి అప్పుడు కావలసింది డాక్టర్లు, ఇంజనీర్లు, టీచర్లు. చమురు డబ్బుకు కొదవ లేకపోయినా, పరిశోధన మండలి అంటూ ఒకటి ఏర్పడింది 2005లోనే. అదీ విశ్వవిద్యాలయాలు ఉద్యమించి సాధించుకున్నది కాదు, రాజశాసనంతో వచ్చింది. అడగకుండా వచ్చింది కదా అని మురిసిపోవడానికి లేదు. 2020లో మరో శాసనంతో ఆ మండలి ఉన్నత విద్యాశాఖలో కలిసిపోయింది.

ప్రపంచంలో ఎక్కడైనా విశ్వవిద్యాలయాలు ప్రభుత్వాన్ని కోరేవి రెండు: పరిశోధనకు నిధులివ్వండి, నిబంధనలు సడలించండి. రెంటినీ కలిపి అడగడం వాటికి అలవాటు. అది పొరపాటని ఒమన్ చరిత్ర చూస్తే అనిపిస్తుంది. ఇక్కడ తొలి ప్రైవేటు విశ్వవిద్యాలయం 2001లో సొహార్‌లో వచ్చింది. 2004లో నిజ్వా, ధోఫార్ తోడయ్యాయి. ప్రైవేటు విద్యాసంస్థలకు ఏదో ఒక పేరున్న విదేశీ విశ్వవిద్యాలయంతో అనుబంధం ఉండాలన్నారు. గుర్తింపు మండలిని కూడా 2001లోనే పెట్టారు. యాజమాన్యాలకు ఇది ఖర్చే, తలనొప్పే. కానీ డిగ్రీకి ఇంకా పేరు రాని దేశంలో ఆ కట్టుబాటే విద్యార్థి కట్టిన ఫీజుకు పూచీ. వీధికో ఇంజనీరింగ్ కాలేజీ లేచి, సగం ఖాళీగా మిగిలిన రోజులు చూసిన తెలుగువాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

మరి నిబంధనల వల్ల పరిశోధన నలిగిపోవడం లేదా అంటే, నలిగిపోతోంది. మన దేశంలోనే చూడండి, 2024లో పరిశోధన గ్రాంట్ల మీద జీఎస్టీ కట్టమని ఐఐటీ ఢిల్లీకి నోటీసు వెళ్లింది. విద్యాసంస్థలు గట్టిగా గోల చేశాక, ఆ సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిల్ గ్రాంట్లను మినహాయించింది. 2025 జూన్‌లో శాస్త్ర సంస్థలు కొటేషన్లు లేకుండా నేరుగా కొనుక్కునే పరిమితిని లక్ష నుంచి రెండు లక్షలకు పెంచారు. ఇవి న్యాయమైన సడలింపులే. గమనించాల్సింది ఏమిటంటే, ఇవన్నీ డబ్బు ఎలా ఖర్చు పెట్టాలన్న నిబంధనలు. డిగ్రీ నాణ్యతకు సంబంధించినవి కావు. ఒమన్ పరిశోధన మండలి కూడా ఈ తేడా గుర్తించినట్టే నడిచింది. మొదట్లో ఒక్కో ప్రతిపాదనను తానే పరిశీలించి గ్రాంటు ఇచ్చేది. తర్వాత సంస్థకు మొత్తంగా నిధి ఇచ్చి, దాన్ని అధ్యాపకులకూ విద్యార్థులకూ పంచే పని ఆ సంస్థకే వదిలింది. నాణ్యత తనిఖీ మాత్రం విడిగా, మరో సంస్థ చేతిలో కొనసాగింది.

నిధులే తక్కువైనప్పుడు ఈ వాదన ఎవరికి పనికొస్తుందని అడగవచ్చు. నిజమే, ఒమన్ పరిశోధనకు పెట్టేది జాతీయోత్పత్తిలో అర శాతం కూడా లేదు. మన దేశానిదీ 0.64 శాతం దగ్గరే ఆగింది. అందుకే అడిగేది సూటిగా ఉండాలి. నిజ్వా విశ్వవిద్యాలయం ఫలజ్ కాలువల అధ్యయనానికి యునెస్కో పీఠం నడుపుతోంది. ఎడారి ఊళ్లకు నీరిచ్చే ఆ కాలువల కోసం డబ్బడిగితే కాదనే మంత్రి ఉండడు. అదే అర్జీలో తనిఖీలు ఎత్తేయమని కూడా రాస్తే, మొదటి కోరికనూ అనుమానంగానే చూస్తాడు. మన వైస్ ఛాన్సలర్లు నిధుల అర్జీ ఒకటి, ఖర్చు నిబంధనల అర్జీ ఒకటి విడివిడిగా పంపాలి. నాణ్యత తనిఖీల మీద మూడో అర్జీ అసలు రాయకూడదు.